మీ ప్రశ్నలు – మా జవాబులు: చెరువు తగ్గితేనే పక్షుల బంతి

వన్యప్రాణుల వలసలను గురించీ, అవి కొన్ని కాలాలలో ఒకచోట గుంపుగా చేరి మేత మేయడాన్ని గురించీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు పంపిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా చేశాము.

ప్రశ్న: మా ఊరి చెరువులో పూడిక తీశారు. కాలువ నీళ్ళు కూడా వస్తుండడంతో మాఘమాసంలో సైతం చెరువు నిండుగా ఉంటున్నది. మునుపు సంక్రాంతి దాటేసరికి నీళ్ళు సగానికి పడిపోయేవి, ఆ రోజులలో శిఖంలో (నీరు దిగాక బయటపడే చెరువు నేలలో) ఎటు చూసినా పక్షులే కనిపించేవి. నీళ్ళు పెరిగితే పక్షులూ పెరగాలి గదా! ఇప్పుడు నీటికాకులు తప్ప పెద్దగా ఏమీ రావడం లేదు, కారణమేమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: మీరు గమనించినది సరైనదే, అందులో వింత కూడా ఏమీ లేదు. చలికాలంలో చెరువులకు వచ్చే పక్షులలో ఎక్కువ వాటికి కావలసింది తగ్గుతూ ఉండే నీరు. ఉల్లంకి జాతి చిన్న పిట్టల కాళ్ళు కొద్ది అంగుళాల పొడవే ఉంటాయి కాబట్టి అవి తడి బురదలోనూ, వేలెడు లోతు నీటిలోనూ మాత్రమే నడవగలవు. ముక్కుతో బురదను పొడిచి అందులోని పురుగులనూ లార్వాలనూ లాగి తింటాయి. పొడుగు కాళ్ళ పిట్టలు ఇంకొంత లోపలికి పోతాయి. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు జానెడు, మూరెడు లోతు చాలు, అంతకు మించితే అడుగున ఉన్న గింజలూ దుంపలూ వాటి ముక్కుకు అందవు. ఎర్రకాళ్ళ కొంగల సంగతి మరీ విశేషమైనది. ఇవి చేపను కంటితో చూసి పట్టవు. మోకాలి లోతు నీటిలో నిలబడి, ముక్కును సగం తెరిచి నీటిలో ఉంచి, కాలితో అడుగును కదిలిస్తూ అటూ ఇటూ ఊపుతాయి. చేప ముక్కుకు తగిలిన మరుక్షణం ముక్కు మూసుకుంటుంది. ఈ పద్ధతిలో వేట సాగాలంటే చేపలు కొద్ది నీటిలో దట్టంగా ఉండాలి, అది చెరువు దిగిపోతున్నప్పుడే కుదురుతుంది. నీటికాకులు నిలువునా మునిగి చేపల వెంట ఈదగలవు గనుక నిండు చెరువు వాటికి ఇబ్బంది కాదు. మీకు అవే కనిపించడానికి కారణం ఇది.

నీరు తగ్గే చెరువులో జరిగేదేమంటే, ప్రతిరోజూ ఒక కొత్త బురద అంచు బయటపడుతుంది. నిన్న నీటి కింద ఉన్న పురుగులు ఈరోజు పిట్టలకు అందుతాయి. రేపు ఆ అంచు ఎండుతుంది, దాని పక్కన ఇంకొకటి తేలుతుంది. పెళ్ళి పందిట్లో ఒక బంతి లేచిన చోట మరో బంతి కూర్చున్నట్టు, ముందు లోతు నీటి పక్షులూ, తరువాత కొంగలూ, ఆఖరున బురద పిట్టలూ వరుసగా వస్తాయి. గుంటలలో చిక్కిన చేపల కోసం ఒక్కరోజులోనే వందల కొంగలు దిగడం మీ చిన్ననాడు మీరు చూసే ఉంటారు. చెరువు ఎండాకాలమంతా ఒకే మట్టంలో నిలిచి ఉంటే ఈ వరుస అసలు మొదలే కాదు. దానికి తోడు పూడిక తీసేటప్పుడు అంచులను కూడా నిట్టనిలువుగా కోసివేస్తే, ఏటవాలుగా ఉండవలసిన శిఖం పోయి, గట్టు దిగగానే నిలువెత్తు లోతు వస్తుంది.

ఇదే సంగతిని శ్రీలంకలో ఏనుగుల విషయంలో చూడవచ్చు. అక్కడ మిన్నేరియ అనే చెరువు ఉన్నది. క్రీస్తు శకం మూడవ శతాబ్దంలో మహాసేన అనే రాజు దానిని వ్యవసాయం కోసం కట్టించాడు. జూలై నుంచి సెప్టెంబరు వరకు చుట్టుపక్కల అడవులు ఎండిపోయిన వేళ ఆ చెరువు నీరు దిగిపోయి, శిఖంలో లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం రెండు మూడు వందల ఏనుగులు పిల్లలతో సహా అక్కడికి చేరతాయి. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట కలిసే ప్రదేశం ప్రపంచంలో మరొకటి లేదని అంటారు. దాని మూలం మనిషి కట్టిన చెరువు, మనిషి పొలాలకు వదిలిన నీరు. అయితే ఇటీవలి సంవత్సరాలలో ఎగువ జలాశయం నుంచి నీటిని తెచ్చి ఎండాకాలంలో కూడా మిన్నేరియను నింపుతుండడంతో గడ్డి నేల మునిగిపోతున్నదనీ, ఏనుగుల గుంపులు పలచబడుతున్నాయనీ అక్కడి పరిశోధకులు ఆందోళన చెందుతున్నారు. మీ చెరువులో పిట్టలకు ఎదురైనది అక్కడ ఏనుగులకు ఎదురైంది.

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు గానీ, నల్లగొండ వైపు మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువలు గానీ చెరువులను నింపకూడదని ఎవరూ అనలేరు. వలస కూలికి పోయిన పాలమూరు మనిషి తిరిగి వచ్చి నాటు వేసుకుంటున్నది ఆ నీటితోనే. అడగదగినది చిన్న విషయం: ఊరిలో రెండు మూడు కుంటలు ఉంటే అందులో ఒకదానిని జనవరి తరువాత నింపకుండా వదిలిపెట్టడం, పూడిక తీసేటప్పుడు కనీసం ఒక వైపు అంచును ఏటవాలుగా ఉంచడం, శిఖంలోని నల్లతుమ్మలను కొట్టివేయకపోవడం. నీటిలో నిలిచిన తుమ్మచెట్ల మీదే కొంగలు గూళ్ళు కడతాయి. ఈ మూడింటికీ ప్రత్యేకంగా డబ్బు అక్కరలేదు, ఊరివారు కూర్చొని మాట్లాడుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఆఫ్రికాలో విల్డెబీస్టులనే, ఆవును పోలిన జింక జాతి మృగాలు మొసళ్ళున్న నదిలోకి వేల సంఖ్యలో దూకడం టీవీలో చూశాను. చావు ఎదురుగా కనిపిస్తున్నా అవి ఎందుకు దూకుతాయి? వాటికి నాయకుడు ఉంటాడా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: టీవీలో చూపేది ఆ ప్రయాణంలో కొద్ది నిమిషాల ఘట్టం మాత్రమే. టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మసాయి మారా మధ్య సుమారు 13 లక్షల విల్డెబీస్టులు, వాటితోపాటు లక్షల సంఖ్యలో జీబ్రాలు, చిన్న జింకలు ఏడాది పొడుగునా వానను అనుసరించి ఒక పెద్ద చుట్టు తిరుగుతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అవి దక్షిణాన ఉన్న పొట్టిగడ్డి మైదానంలో ఉంటాయి. అగ్నిపర్వతాల బూడిద పడి ఏర్పడిన ఆ నేలలో మొలిచే గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ అధికంగా ఉంటాయి కాబట్టి ఈనే తల్లులకు, పాలు తాగే దూడలకు అదే తగిన చోటు. అవకాశం ఉంటే అవి అక్కడే ఉండిపోయేవి. కానీ వాన ఆగగానే ఆ మైదానం ఎండుతుంది, తాగడానికి నిలవ నీరు కూడా ఉండదు. అందువల్ల అవి మొదట పడమరకు, ఆపైన ఉత్తరానికి జరుగుతాయి. వాన ఎక్కువగా పడే ఉత్తర ప్రాంతంలో ఎండాకాలంలోనూ గడ్డి దొరుకుతుంది. ఆ గడ్డికీ వాటికీ నడుమ మారా నది అడ్డంగా ఉన్నది. దాటకపోతే ఆకలి, దాటితే కొన్నింటికి ప్రమాదం, అంతే లెక్క.

నాయకుడు ఎవరూ ఉండరు. గట్టు మీద వేల పశువులు చేరి, ముందున్నది దూకే వరకు గంటల తరబడి తచ్చాడతాయి. ఏదో ఒకటి దూకగానే మిగిలినవి దాని వెంట పడతాయి. కొన్నిసార్లు అదే రోజు ఇటు దాటిన గుంపు తిరిగి అటు దాటుతుంది, కనుక దీనిని పథకం ప్రకారం సాగే దండయాత్రగా చూపించే వ్యాఖ్యానాలను నమ్మనవసరం లేదు.

మొసళ్ళ కంటే ఎక్కువ ప్రాణాలు తీసేది తొక్కిసలాట, ప్రవాహం. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మారా నదిలో ఏటా సగటున 6,250 విల్డెబీస్టులు మునిగి చనిపోతాయి, ఆ కళేబరాల బరువు సుమారు 1,100 టన్నులు. మొసళ్ళు అందులో తినగలిగేది కొద్ది భాగమే. రాబందులు, బెగ్గురు కొంగలు, చేపలు మిగతా మాంసాన్ని పంచుకుంటాయి. ఎముకలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా కరుగుతూ నదికి ఫాస్ఫరస్‌ను అందిస్తాయి. నది ఒడ్డున కనిపించే విందు ఒక్క రోజుది, నది అడుగున జరిగేది కొన్ని సంవత్సరాలది.

ఈ మంద ఇంత పెద్దది కావడంలో పశువైద్యుల పాత్ర ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. 19వ శతాబ్దం చివరలో పెంపుడు పశువులతో ఆఫ్రికాకు వచ్చిన రిండర్‌పెస్ట్ అనే మహమ్మారి విల్డెబీస్టు దూడలను ఏటా చంపుతుండేది. చుట్టుపక్కల పల్లెలలో ఆవులకు టీకాలు వేయడంతో ఆ రోగం అడవి మృగాలలోనూ తగ్గిపోయింది. 1960ల ప్రారంభంలో రెండున్నర లక్షలుగా ఉన్న విల్డెబీస్టులు 1970ల చివరికి 13 లక్షలు దాటాయి. ఆ రోగం ప్రపంచం నుంచే తొలగిపోయిందని 2011లో ప్రకటించారు.

ప్రశ్న: మృగశిర ముందు తొలి వాన పడిన సాయంత్రం పుట్టల నుంచి ఉసిళ్ళు కుప్పలుగా లేస్తాయి. కాకులు, గోరింకలు, కప్పలు, బల్లులు అన్నీ తినడానికి చేరతాయి, మేమూ ఏరి వేయించుకునేవాళ్ళం. ఇన్ని పుట్టలకూ ఒకే పూట ఎట్లా తెలుస్తుంది? ఇట్లా ఒకేసారి బయటికి వచ్చి అందరి నోట్లో పడడం వాటికి నష్టం కాదా?
– ఒక గృహిణి, కల్వకుర్తి

జవాబు: వాటికి వేరుగా ఎవరూ చెప్పనవసరం లేదు. రెక్కలు వచ్చిన చెదలు పుట్టలో కొద్ది రోజుల ముందే సిద్ధంగా ఉండి వాన కోసం కాచుకుంటాయి. ఆ వాన చుట్టుపక్కల పుట్టలన్నింటి మీదా ఒకేసారి పడుతుంది కనుక అన్నీ ఒకే పూట తెరుచుకుంటాయి. తడిసిన నేల మెత్తబడితేనే రెక్కలు రాల్చిన జంట మట్టిలోకి తవ్వుకొని కొత్త పుట్ట పెట్టగలదు. వేర్వేరు పుట్టల ఆడ, మగ చెదలు కలుసుకోవాలన్నా అన్నీ ఒకే సమయంలో ఎగరాలి.

మీ రెండవ ప్రశ్న చాలా లోతైనది. రోజుకు కొన్ని చొప్పున నెలంతా ఎగిరితే, ఏట్రింతలు, గోరింకలు, కప్పలు తీరికగా ఒక్కదానిని కూడా వదలకుండా తినివేసేవి. ఒకే సాయంత్రం లక్షల సంఖ్యలో ఎగిరితే, తినేవారి కడుపులు నిండుతాయి గానీ ఉసిళ్ళు అయిపోవు. చనిపోయినవి ఎన్ని అన్నది కాక, మిగిలినవి ఎన్ని అన్నదే ఆ జాతికి ముఖ్యం. పైన చెప్పిన విల్డెబీస్టులు కూడా ఇదే ఉపాయంతో బతుకుతున్నాయి: దూడలలో అత్యధిక భాగం ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల లోపలే పుడతాయి. హైనాలు, సింహాలు ఎంత తిన్నా ఆ కొద్ది రోజులలో అన్నింటినీ తినలేవు. ఆ గడువు దాటి పుట్టిన దూడ బతకడం కష్టం. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ లేచి నిలబడి తల్లి వెంట పరుగెడుతుంది.

చెదల కోసం ఊరి కాకులు మాత్రమే రావు. అముర్ డేగలనే చిన్న డేగలు ఈశాన్య చైనా, తూర్పు సైబీరియా ప్రాంతాలలో పిల్లలు చేసి, అక్టోబరు, నవంబరు నెలలలో నాగాలాండ్‌లోని డోయాంగ్ జలాశయం దగ్గర లక్షల సంఖ్యలో ఆగుతాయి. ఆ సమయానికి అక్కడ రెక్కల చెదలు విస్తారంగా ఎగురుతాయి. వాటిని తిని కొవ్వు పట్టించుకొన్న డేగలు దక్కను మీదుగా వచ్చి అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటి ఆఫ్రికాకు వెళతాయి. 2012లో అక్కడి గ్రామాలలో వలలు పన్ని వాటిని పెద్ద ఎత్తున పట్టి అమ్ముతున్న సంగతి బయటపడింది. మరుసటి సంవత్సరమే గ్రామసభలు వేటను నిషేధించాయి, ఆ ఏడాదే మూడు డేగలకు ఉపగ్రహ పరికరాలు కట్టి వదిలారు.

ప్రశ్న: యాసంగి జొన్న పాలు పోసుకునే వేళకు నల్ల తల, గులాబీ ఒళ్ళు ఉన్న గోరింకల వంటి పిట్టలు వేలకొద్దీ వచ్చి చేను మీద పడుతున్నాయి. ఇవి ఎక్కడివి? వీటిని ఆపే మార్గం చెప్పగలరు.
– ఒక రైతు, మక్తల్

జవాబు: ఇవి గులాబీ గోరింకలు. మధ్య ఆసియాలోని గడ్డి మైదానాలు వీటి పుట్టిల్లు. మే, జూన్ నెలలలో అక్కడ మిడతలు పెరిగిన చోటును వెతుక్కొని, రాళ్ళ కుప్పల సందులలో వేల జంటలు ఒకేచోట గూళ్ళు పెట్టి, పిల్లలకు మిడతలను మేపుతాయి. ఈ ఏడాది మిడతలున్న చోట వచ్చే ఏడాది ఉండకపోవచ్చు కాబట్టి వాటి గూళ్ళ తావులు కూడా మారుతూ ఉంటాయి. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో మిడతల బెడద తగ్గించడానికి ఈ పిట్టల కోసం ప్రత్యేకంగా రాతి గూళ్ళు కట్టించారు. అక్కడ రక్షకులుగా మన్ననలు పొందే పిట్ట మీ చేలో దొంగగా కనిపిస్తున్నదన్నమాట! పిల్లలు ఎగరగానే దక్షిణానికి బయలుదేరి, వానాకాలం మధ్య నుంచే మన దేశానికి చేరడం మొదలుపెట్టి, ఏప్రిల్ వరకు ఇక్కడ ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో మోదుగ, బూరుగు పూలు విచ్చుకోగానే తేనె కోసం ఆ చెట్ల మీద చేరతాయి. పొలాలలోని పురుగులను కూడా బాగానే తింటాయి.

ఆపడానికి మంచె, ఒడిసెల, డప్పు, మెరిసే రిబ్బన్లు మీకు తెలిసినవే. ఇవన్నీ పిట్టలను పక్క చేనుకు పంపుతాయి తప్ప ఊరు దాటించవు, కొన్నాళ్ళకు అవి అలవాటు పడిపోతాయి కూడా. వీటికంటే నమ్మదగినది ఊరంతా ఒకే వారంలో విత్తడం. కంకులన్నీ ఒక్కసారే పాలు పోసుకుంటే నష్టం అన్ని చేలకూ పలచగా పంచుకుపోతుంది. ముందుగానో ఆలస్యంగానో ఒంటరిగా కంకి వేసిన చేను మాత్రం పూర్తిగా పోతుంది. ఉసిళ్ళ గురించి పైన చెప్పిన లెక్కే జొన్నకూ వర్తిస్తుంది. జొన్న వేసేవారు తగ్గిపోయి ఊరికి నాలుగైదు చేలే మిగలడం వల్ల పిట్టల బాధ ఇంతకు ముందుకంటే తీవ్రంగా అనిపించడం సహజం. మందు కలిపిన గింజలు చల్లడం మాత్రం వద్దు, దానితో నెమళ్ళు, పావురాలు, కోళ్ళు కూడా చస్తాయి.

ప్రశ్న: చలికాలంలో వచ్చే కొంగలను అందరూ సైబీరియా పక్షులంటారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: ఎక్కువ సందర్భాలలో కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు వంటి చోట్ల గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు మన దేశంలోనే పుట్టి, నీరూ చేపలూ ఉన్న చోటును బట్టి దేశం లోపలే తిరుగుతాయి. పేరుకు తగిన సైబీరియా కొంగలు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేవి. 2002 తరువాత అక్కడ కనిపించలేదు. మన చెరువులకు దూరాల నుంచి వచ్చేవి బాతులు, బురద పిట్టలు. సూదితోక బాతులు ఉత్తర ఆసియా నుంచి వస్తాయి. తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్ద బాతు మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లలు చేసి హిమాలయాలను దాటి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టిన ఈ బాతులలో ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. దాని రక్తంలోని హిమోగ్లోబిన్ పలచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగలదు. అయినా అది ఎప్పుడూ శిఖరాల మీదే పోదు. కొండల ఒంపులను అనుసరించి దిగుతూ ఎక్కుతూ, వీలైనంత వరకు చల్లని, చిక్కని గాలి ఉండే రాత్రి వేళలలోనూ, తెల్లవారుజామునా ప్రయాణం చేస్తుంది.

ప్రశ్న: కుంట నిండి మత్తడి (అలుగు) దుంకినప్పుడు చేపలు నీటికి ఎదురెక్కుతాయి, కొంగలు అక్కడే నిలబడి పట్టుకుంటాయి. అలాస్కాలో ఎలుగుబంట్లు కూడా ఇట్లాగే చేపలు పడతాయని విన్నాను. ఆ చేపలూ మన చేపలూ ఎక్కేది ఒకందుకేనా?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు, గద్వాల

జవాబు: గుడ్లు పెట్టడానికి అనువైన చోటు వెతుక్కోవడమే రెండింటి ఉద్దేశం, తరువాతి కథ మాత్రం వేరు. అలాస్కాలోని సాకై సాల్మన్ చేప నదిలో పుట్టి, సముద్రానికి పోయి, అక్కడ రెండు మూడేళ్ళు పెరిగి, తాను పుట్టిన నీటి వాసనను గుర్తుపట్టి తిరిగి వస్తుంది. మంచినీటిలో అడుగుపెట్టాక మేత మానివేస్తుంది. ఒంట్లోని కొవ్వునే ఖర్చు చేస్తూ ఎదురెక్కి, గుడ్లు పెట్టి చనిపోతుంది. కట్మాయ్ జాతీయ వనంలోని బ్రూక్స్ జలపాతం దగ్గర జూలై నెలలో అవి గాలిలోకి ఎగిరి జలపాతాన్ని దాటబోతుండగా ఎలుగుబంట్లు పైన నిలబడి నోటితో అందుకుంటాయి. ఎలుగుబంటి ఒంటరిగా తిరిగే జంతువు. మరొక ఎలుగుబంటి దగ్గరకు వస్తే సహించదు. అయినా చేపలు విస్తారంగా ఉన్న ఆ కొద్ది వారాలలో పదులకొద్దీ ఒకే చోట మేస్తాయి, బలమైనదానికి మంచి తావు, బలహీనమైనదానికి దిగువ తావు అనే మర్యాద పాటిస్తాయి. చేపలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కొవ్వు అధికంగా ఉండే చర్మం, మెదడు, గుడ్లు మాత్రమే తిని మిగతాది పారవేస్తాయి. ఆరు నెలల చలినిద్రలో శరీర బరువులో మూడింట ఒక వంతు కరిగిపోవచ్చు కాబట్టి, వృథాగా కనిపించే ఆ తిండి నిజానికి చాలా పొదుపైన లెక్క. అవి అడవిలోకి ఈడ్చుకుపోయి వదిలిన చేపల నుంచి సముద్రపు నత్రజని నది ఒడ్డు చెట్లకు ఎరువుగా అందుతున్నదని పరిశోధకులు చెట్ల కలపలోనే గుర్తించారు.

మన చేపలు గుడ్లు పెట్టి చనిపోవు. కొత్త వరదకు జెల్లలు, పరకలు, కొర్రమీనులు మత్తడి ఎదురెక్కి పైన మునిగిన పొలాలలోకి, గడ్డి నీళ్ళలోకి పోవాలని చూస్తాయి, ఎందుకంటే అక్కడ పిల్లలకు మేత ఎక్కువ, పెద్ద చేపల బెడద తక్కువ. బొచ్చె, రవ్వ, మోసు చేపలు పారే వరద నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలవ చెరువులో పెట్టవు. మీ సంఘం ఏటా పిల్లలను కొని వదలవలసి రావడానికి మూలం అదే. సముద్రం నుంచి నదికి ఎదురెక్కే చేప కావాలంటే గోదావరి పులసను చెప్పుకోవాలి. వరద రోజులలో అది ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. మత్తడి దుంకిన మొదటి రెండు మూడు రోజులు అక్కడ వల వేయకుండా కొంగలకు వదిలిపెడితే, మీ సంఘానికి పోయే చేపల కంటే మిగిలే పిల్లలే ఎక్కువ ఉంటాయి. కొంగ ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. వల ఒక తరాన్నే ఎత్తివేస్తుంది.

ప్రశ్న: వానాకాలం చివర మా చెలకల మీద తూనీగలు మబ్బులా తిరుగుతాయి, కొన్నాళ్ళకు కనిపించవు. చనిపోతాయా?
– తొమ్మిదవ తరగతి విద్యార్థి, దేవరకొండ

జవాబు: వాటిలో కొన్ని ఆఫ్రికా దాకా పోతాయంటే నమ్ముతావా? పసుపు, గోధుమ రంగు కలిసిన ఈ తూనీగలు వాన గుంటలలోనే పుడతాయి. గుంట ఎండేలోపు పెరగడానికి వీలుగా వీటి పిల్లలు కొద్ది వారాలలోనే పెద్దవవుతాయి. ఏటా అక్టోబరులో మాల్దీవుల మీదికి లక్షల తూనీగలు రావడాన్ని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త గమనించాడు. ఆ దీవులలో అవి పుట్టడానికి తగిన మంచినీటి గుంటలు దాదాపు లేవు. కాబట్టి అవి భారతదేశం నుంచి ఈశాన్య గాలుల మీద తూర్పు ఆఫ్రికాకు వెళుతూ అక్కడ ఆగుతున్నాయని ఆయన 2009లో ప్రతిపాదించాడు. రెక్కలలోని హైడ్రోజన్ రూపాలను పరీక్షించినప్పుడు అవి ఉత్తర భారతమో అంతకంటే ఉత్తరమో పుట్టినవని తరువాత తేలింది. పోయి వచ్చేది ఒకే తూనీగ కాదు, మూడు నాలుగు తరాలు కలిసి ఆ చుట్టు పూర్తి చేస్తాయి. అముర్ డేగలు సముద్రం దాటే కాలమూ దారీ ఇవే కావడంతో, దారిలో అవి ఈ తూనీగలనే తింటుంటాయని భావిస్తున్నారు.

ప్రశ్న: నా చిన్నతనంలో ఊరవతల ఎద్దు చచ్చి పడితే గంటలో ఆకాశమంతా రాబందులు తిరిగేవి. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఇప్పుడు కుక్కలు తప్ప ఏవీ రావడం లేదు. వలస పోయాయా?
– ఒక వృద్ధుడు, అచ్చంపేట

జవాబు: వలస పోలేదు, చనిపోయాయి. నొప్పికీ వాపుకూ పశువులకు వేసే డైక్లోఫినాక్ సూది మందు కారణమని 2004లో నిర్ధారణ అయింది. ఆ మందు పడిన పశువు చనిపోతే దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజులలో ప్రాణం పోతుంది. రాబందులు ఒకదానిని చూసి మరొకటి దిగి, ఒక్క కళేబరం మీద వందదాకా చేరి తినేవి కావడంతో, మందు కలిసిన పశువులు వందకు ఒకటి ఉన్నా ఆ జాతిని నాశనం చేయడానికి చాలింది. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి ఆ నష్టాన్ని పూడ్చుకోలేదు. వీపు తెల్లగా ఉండే రాబందులు 1990ల తొలి సంవత్సరాల నుంచి 2007 నాటికి మన దేశంలో వందకు తొంభై తొమ్మిదికి పైగా తగ్గిపోయాయి. గుంపుగా తినే అలవాటు విల్డెబీస్టులనూ ఉసిళ్ళనూ కాపాడే లెక్కకు పూర్తిగా తలకిందులై ఇక్కడ పనిచేసింది.

పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతుండడంతో 2015లో ఒక మోతాదు సీసాలకే అనుమతి పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మందులను కూడా పశువైద్యంలో నిషేధించారు. తెలంగాణలో కొమురం భీం జిల్లా బెజ్జూరు ప్రాంతపు కొండ చరియల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టడం 2013లో బయటపడింది. నల్లమలలో మీ వైపు అవి మళ్ళీ కనిపించాలంటే ముందు పశువుల మందు మారాలి. పశువుకు నొప్పి సూది వేయించేటప్పుడు మెలాక్సికామ్ వేయమని అడగండి, అది రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలింది. వేరే మందు పడిన పశువు వారం లోపల చనిపోతే దానిని బయట పారవేయకుండా లోతుగా పూడ్చిపెట్టండి.